కీళ్ల నొప్పులకు వస్తే పళ్లెందుకు చూస్తారు?

కీళ్లవాతంతో ఓపీకి వచ్చినవారిని మేము నోరు తెరవమంటే చాలామంది వింతగా చూస్తారు. "వాచింది వేళ్లు డాక్టరుగారూ, పళ్లు కాదు" అని ఒకామె నవ్వారు కూడా. చిగుళ్ల నుంచి రక్తం వస్తుందా అమ్మా అని అడిగితే, "అది ఎప్పట్నుంచో ఉన్నదేనండీ" అన్నారు. ఆ 'ఎప్పట్నుంచో' గురించే ఈసారి రాస్తున్నాము.

ఇక్కడ కీళ్లవాతం అంటే వయసుతో మోకాళ్లు అరగడం కాదు, రుమటాయిడ్ ఆర్థరైటిస్. మనల్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తే మన కీళ్ల మీద దాడి చేస్తుంది. ఉదయం లేవగానే వేళ్లు బిగుసుకుపోయి చాలాసేపు వంగవు. పురుషులకంటే స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువ.

మరి చిగుళ్లకూ దీనికీ సంబంధమేమిటి? పళ్ల మొదట్లో పాచి గట్టిపడి గార అవుతుంది. చిగురుకూ పంటికీ మధ్య సందు ఏర్పడి, అందులో సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. వాటిలో పోర్ఫిరోమొనాస్ జింజివాలిస్ అనేదానికి (పేరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు) మన ప్రోటీన్ల రూపాన్ని కొద్దిగా మార్చే ఎంజైము ఉందని 1999లో తేలింది. ఇలా మారిన ప్రోటీన్లను కొందరి శరీరం పరాయివిగా భావించి యాంటీబాడీలు తయారుచేస్తుంది. మీకు రాసే 'యాంటీ సీసీపీ' రక్తపరీక్ష వెతికేది ఈ రకం యాంటీబాడీలనే. చిగుళ్ల వ్యాధి ఉన్న కీళ్లవాత రోగుల రక్తంలోకి నోటి సూక్ష్మజీవులు పదేపదే చేరుతున్నట్లు 2023లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో కనిపించింది.

అలాగని చిగుళ్ల జబ్బున్న అందరికీ కీళ్లవాతం రాదు. పళ్లు పీకిస్తే కీళ్లు బాగుపడవు కూడా. 20వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండు, అమెరికాల్లో డాక్టర్లే అలా నమ్మి ఎందరికో పళ్లు పీకించారు. పళ్లు పోయాయి, కీళ్ల నొప్పులు మిగిలాయి.

గార తీయిస్తే పళ్లు కదులుతాయని మనవాళ్లకో భయం. నిజానికి పన్ను కదిలేది లోపలి ఎముక కరిగినందువల్ల. గార ఇన్నాళ్లూ దాన్ని కప్పిపెట్టింది, అంతే. గార తీసి చిగుళ్లకు వైద్యం చేశాక కీళ్ల వాపు కొంత తగ్గినట్లు కొన్ని చిన్న అధ్యయనాలు చెప్పాయి. కానీ అది మందులకు బదులు కాదు. మెథోట్రెక్సేట్ వాడేవారు ఆ సంగతి పళ్ల డాక్టరుకు తప్పక చెప్పండి, సొంతంగా ఆపకండి. నోట్లో పుండ్లు వస్తే మాకు చూపించండి. చుట్ట, బీడీ, సిగరెట్టు ఈ రెండు జబ్బులనూ పెంచుతాయి.

వేళ్లు వంగక బ్రష్షు జారిపోతోందా? దాని పిడికి పాత సైకిల్ ట్యూబు ముక్క లావుగా చుట్టండి. పట్టు దొరుకుతుంది.