కర్పూరపు మ్రానులో మనిషి

ఆ బొమ్మకు కాళ్లు లేవు. నడుము వరకే చెక్కిన మనిషి. ఒంటిపై సాదా చొక్కా, పొడవైన మెడ. ఇనుప పీఠముపై ఇంచుమించు మన ఎత్తుననే నిలిచియుండును గాని మనతో చూపు కలుపదు. కనుపాపలు రవంత ఎడమై ఎక్కడో దూరమున నిలిచియున్నవి. జపాను శిల్పి ఫునకోషి కత్సురా (1951-2024) చెక్కిన మూర్తులు ఇట్టివి.

సామాన్య మానవుని దేహము ఆ దేశపు శిల్పములో ఈ చోటు సంపాదించుటకు చాలకాలము పట్టినది. పూర్వశిల్పులు చెక్కినవి ముఖ్యముగా బుద్ధ, బోధిసత్త్వ ప్రతిమలు. పాశ్చాత్య శిల్పవిద్య అక్కడ బడికెక్కినది 1876లో. టోక్యోలో నెలకొల్పిన ప్రభుత్వ కళాశాలలో ఇటలీవాడైన రగూజా దానిని నేర్పినాడు. పిదప ఫ్రెంచి శిల్పి రోడిన్ ప్రభావము ముంచెత్తినది. పారిస్‌లో రోడిన్ కృతిని చూచి, చిత్రలేఖనము మాని శిల్పము చేపట్టిన ఒగివర రోకుజన్ 1910లో ‘స్త్రీ’ అను మూర్తిని మలచినాడు. మోకాళ్లపై నిలిచి, చేతులు వెనుకకు చేర్చి, ముఖము పైకెత్తిన ఆ దేహమంతయు ఒక పెనుగులాట. ఆ యేడే, ముప్పదియేండ్ల ప్రాయమున, రోకుజన్ కన్నుమూసినాడు.

కత్సురా తండ్రి యసుటకే కూడ శిల్పియే. నాగసాకిలోని ఇరువదియారుగురు క్రైస్తవ హతసాక్షుల కంచుమూర్తులు (1962) ఆయనవే. కుమారుడు కొయ్యవైపు మరలినాడు. హకొదాతెలోని ట్రాపిస్టు మఠమునకు మేరీమాత విగ్రహము చెక్కుచు, కర్పూరము తీయు చెట్టు కలపను తొలిసారి ఉలికి తెచ్చినాడు. ఏడవ శతాబ్దమున జపాను బౌద్ధశిల్పులు వాడినదియు ఈ కలపయే! క్రైస్తవ సన్యాసుల కోరికపై పనికి దిగినవాడు బౌద్ధుల మ్రానును చేరుట చిత్రము.

కన్నుల సంగతియు అట్టిదే. తల లోపలిని తొలిచి, వెనుకనుండి స్ఫటికపు కన్నులు పొదుగు పద్ధతి నారా ప్రాంతపు చోగకుజి ఆలయమూర్తులలో 1151 నాటికే కలదు. కత్సురా స్ఫటికమునకు మారుగా పాలరాయి పొదిగినాడు. దేవుని కన్నులు చొక్కా తొడిగిన మనిషికి వచ్చినవి.

పెక్కు బొమ్మలకు చేతులును లేవు. అట్టివాడు ఏ పనియు చేయజాలడు, చూడగలడు. ఇరాకులో యుద్ధము సాగుచున్న 2005లో కత్సురా తోలుచెవులు వ్రేలాడు నగ్నమూర్తి నొకదానిని చెక్కినాడు. అది పూర్తిగా స్త్రీయు కాదు, పురుషుడును కాదు. దానికి ‘యుద్ధమును చూచు స్ఫింక్సు’ అని పేరు పెట్టినాడు.