దినచర్య

ఏనాటి సంగతులను ఆనాడే వ్రాసి యుంచుకొను పుస్తకమును దినచర్య యందురు. డైరీ యను పేరు మనకు మరింత పరిచితము. తెలుగున ఇట్టి రచనలలో ప్రసిద్ధమైనది ఏనుగుల వీరాస్వామయ్యగారి ‘కాశీయాత్రా చరిత్ర’. ఆయన 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చువరకు, దారిలోని ఊళ్లను, మజిలీల దూరములను, అచ్చట దొరకు వస్తువులను వ్రాసికొనుచు వచ్చెను. అయితే అది మిత్రులు చదువుటకు వ్రాసినది. తనకొరకే వ్రాసికొన్న దినచర్యవలన కలుగు మేలు వేరు.

అందుకు శామ్యూల్ పీప్స్ అను ఇంగ్లీషువాని దినచర్య మంచి నిదర్శనము. లండను నగరమున 1660 జనవరి 1వ తేదీన, ఇరువదియారేండ్ల వయసున, అతడు దీని నారంభించెను. ఇతరులు చదువకుండుటకు కాబోలు, సంక్షిప్తలిపిలో వ్రాసెను. ఆ యేడే అతనికి నౌకాదళ కార్యాలయమున పెద్ద యుద్యోగము లభించెను. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పట్టభద్రుడే యైనను అతనికి ఎక్కములు రావు! ఓడలకు వలయు సరకుల లెక్కలు చూడవలసినవాని కిది చిన్న లోపము కాదు. 1662 జూలైలో ఓడపనివాని నొకని గురువుగా పెట్టుకొని, తెల్లవారుజామున నాలుగు గంటలకే లేచి ఎక్కములు వల్లించెను. ఆ కష్టమును దాచక ఆనాటి పుటలోనే వ్రాసెను. పదిమందిలో చెప్పుకొన సిగ్గుపడు లోపమునైనను కాగితముమీద ఒప్పుకొనవచ్చును. ఒప్పుకొన్న పిమ్మట దిద్దుకొనుట అంత కష్టము కాదు. కొలదికాలమునకే అతడు కలపకొలత కూడ నేర్చి, వర్తకుల మోసములను గుర్తింపజొచ్చెను.

మద్యము, నాటకములు అతని బలహీనతలు. ఈ రెండింటికిని దూరముగా నుందునని ప్రతిజ్ఞలు వ్రాసికొని, ఆదివారములందు చదువుకొనెడివాడు. తప్పినచో బీదలపెట్టెలో జరిమానా వేయవలెను. మరియొకడు సొమ్ము చెల్లించినచో నాటకము చూచుట ప్రతిజ్ఞాభంగము కాదని ఒక్కొక్కప్పుడు తనకు తానే తీర్పు చెప్పుకొనెను! ఆ సాకు కూడ దినచర్య కెక్కినది. సాకులు వెదకువాడును, వానిని పట్టుకొనువాడును అతడే.

దినచర్యలో పెద్ద సంగతులే యుండవలెనని లేదు. 1666 సెప్టెంబరులో లండను తగులబడుచుండగా, తన ద్రాక్షాసారాయమును, ఇటలీ జున్నును తోటలో గొయ్యి తీసి పాతిపెట్టించిన ముచ్చట పీప్స్ వ్రాసెను. అగ్నిప్రమాదమును ఎవ్వరును మరువరు. జున్ను మాట వ్రాయనిచో ఆ యింటివారికే జ్ఞాపకముండదు.

కన్నులు నొప్పిపెట్టుచుండగా, చూపు పోవునను భయముచే 1669 మే 31న అతడు వ్రాయుట మానెను. ఆ మానుట అతనికి ప్రాణసంకటమైనది. చూపు పోలేదు. తరువాత నౌకాశాఖకు కార్యదర్శియై, 1703 వరకు జీవించెను. ఆ దినచర్య ఆరు సంపుటములును అతడు చదివిన మాడ్లిన్ కళాశాలలో నేటికిని ఉన్నవి.