మీకు తెలుసా? ఉక్కు ధూళితోనే పొగకు విరుగుడు

ఉక్కు కర్మాగారంలో ఇనుప ఖనిజపు పొడిని ముద్దలుగా కాల్చే సింటర్ ప్లాంటు నుంచి నైట్రోజన్ ఆక్సైడ్లు వెలువడతాయి. పొగతో పాటు లేచే సన్నని ధూళిని విద్యుత్ అవక్షేపక యంత్రాలు పట్టి ఆపుతాయి. ఆ ధూళిలో ప్రధానంగా ఉండేది ఐరన్ ఆక్సైడ్. నైట్రోజన్ ఆక్సైడ్లను అమోనియాతో చర్య జరిపించి, హాని లేని నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మార్చగల ఉత్ప్రేరకం కూడా అదే!

ప్రస్తుతం ఈ పనికి ఎక్కువగా వాడుతున్నది టైటానియం డయాక్సైడ్‌పై వెనేడియం, టంగ్‌స్టన్ ఆక్సైడ్లు పూసిన ఉత్ప్రేరకం. ఇది సుమారు 300–400 డిగ్రీల సెల్సియస్ వద్ద చక్కగా పనిచేస్తుంది. కానీ వెనేడియం ఆక్సైడ్ విషపూరితం, ఖరీదు కూడా. ఇనుము చవక, విషభయం తక్కువ.

అసలు చిక్కు మన్నికలో ఉంది. ధూళిలోని పొటాషియం, సోడియం లవణాలు ఉత్ప్రేరకానికి విషం లాంటివి. అమోనియా వచ్చి అతుక్కునే ఆమ్ల స్థానాలను అవి ఆక్రమించేస్తాయి. నీటితో కడిగితే కరిగే లవణాలు చాలావరకు పోతాయి. ఆ తర్వాత సల్ఫ్యూరిక్ ఆమ్లంతో శుద్ధిచేసి వేడిచేస్తే, ఉపరితలంపై ఏర్పడే సల్ఫేట్లు కొత్త ఆమ్ల స్థానాలను ఇస్తాయి. మిగిలిన క్షార లోహాలను తమతో బంధించి, ఇనుము జోలికి పోకుండా ఆపేదీ ఈ సల్ఫేట్లే. ఈ పద్ధతిలోని గొప్పతనమంతా ఇక్కడే ఉంది.

ఉష్ణోగ్రత బాగా తగ్గితే మాత్రం పొగలోని గంధక ఆక్సైడ్లు అమోనియాతో కలిసి జిగట లవణాలుగా పేరుకుని, ఉత్ప్రేరకపు రంధ్రాలను పూడ్చేస్తాయి.