గ్రంథ సంపాదక వృత్తి - పరిచయాల పాత్ర

అనకాపల్లి బెల్లం మార్కెట్టు దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి. అక్కడ వర్తకుడు దిమ్మ రంగు చూస్తాడు, గట్టితనం చూస్తాడు, చిటికెడు నోట వేసుకొని రుచి చూస్తాడు. ఆ తరువాతే ధర పలుకుతాడు. ఏటేటా మంచి బెల్లం తెచ్చే రైతును వర్తకులు గుర్తుపెట్టుకొంటారు. ఆ గుర్తింపును ఎవరూ అతనికి చీటీ మీద రాసి ఇవ్వలేదు. అతడు తెచ్చిన సరుకే దానిని సంపాదించి పెట్టింది. ఒక ఏడు సరుకు చెడితే పాత పేరు ఆనాటి ధరను నిలబెట్టలేదు.

పుస్తక ప్రచురణ రంగంలో సంపాదకుని ఉద్యోగం దొరికే తీరు కూడ ఇంచుమించు ఇటువంటిదే. ఈ రంగంలో పరిచయాలు లేనిదే పని దొరకదని చాలామంది అంటారు. ఆ మాటలో నిజం ఉంది. కాని ఆ పరిచయం ఎటువంటిది, అది ఎలా కలుగుతుంది, చుట్టాలు గాని స్నేహితులు గాని ఈ రంగంలో లేని విద్యార్థి దానిని ఎలా పొందగలడు అన్నవి ఆలోచించవలసిన విషయాలు.

సంపాదకుని పని

పుస్తకం మీద రచయిత పేరు ఉంటుంది, ప్రచురణకర్త పేరు ఉంటుంది. వీరిద్దరి నడుమ పనిచేసిన సంపాదకుని పేరు చాలా పుస్తకాలలో కనిపించదు. రచయిత ఇచ్చిన రాతప్రతిని మొదట శ్రద్ధగా చదివేవాడు సంపాదకుడు. ఒక అధ్యాయంలో చెప్పిన సంవత్సరం మరొక అధ్యాయంలో మారిందా, ఒకే ఊరి పేరు రెండు విధాలుగా పడిందా, వాక్యం రచయిత ఉద్దేశించిన అర్థాన్నే ఇస్తున్నదా అని అతడు పరిశీలిస్తాడు. సందేహాలను రచయిత ముందు ఉంచుతాడు. అక్షరకూర్పు అయిన తరువాత ప్రూఫులు దిద్దుతాడు. అచ్చుతప్పును పట్టుకోవడం ఈ పనిలో ఒక భాగం మాత్రమే. రచయిత శైలిని చెడగొట్టకుండా రచనను మెరుగుపరచడం ఇందులోని అసలు నేర్పు.

ఈ పనికి భాషాజ్ఞానంతోపాటు మరొక గుణం కావాలి. తప్పును నొప్పించకుండా చెప్పగలగడం, ఇచ్చిన గడువును నిలబెట్టుకోవడం, ఇతరుల రచనను తన రచనగా భావించకపోవడం. ఇవి మార్కుల పట్టికలో కనబడేవి కావు. కనుకనే ప్రచురణకర్తలు అభ్యర్థి పట్టాను చూసి తృప్తి పడరు. అతని పనిని చూసినవారు ఎవరైనా ఉన్నారా అని విచారిస్తారు.

దీనికి మరొక కారణం కూడ ఉంది. తెలుగు ప్రచురణ సంస్థలలో చాలా వరకు చిన్నవి. అనేక సంస్థలలో యజమానే రాతప్రతులను ఎంపిక చేస్తాడు, లెక్కలు చూస్తాడు, అమ్మకాలు చూసుకొంటాడు. సంపాదకత్వం, ప్రూఫు పని తరచుగా పుటకింత చొప్పున బయటివారికి ఇస్తారు. ఇటువంటి పనికి పత్రికలలో ప్రకటన వేయడం అరుదు. అవసరం కలిగినప్పుడు తెలిసినవారిని అడుగుతారు. ఆ అడిగిన వేళ ఎవరి పేరు గుర్తుకు వస్తుందో వారికి పని దొరుకుతుంది.

చరిత్రలో మూడు ఉదాహరణలు

తెలుగులో గ్రంథపరిష్కరణ ఒక జీతపు పనిగా రూపుదిద్దుకొన్న తొలి సందర్భాలలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ చేసిన కృషి ఒకటి. కంపెనీ ఉద్యోగిగా 1820లో కడపకు వచ్చిన బ్రౌన్ తెలుగు నేర్చుకొని, తాళపత్ర ప్రతులను సేకరింపజేశాడు. కడపలోని తన బంగళాలో పండితులను, లేఖకులను చేరదీసి, తన సొంత డబ్బుతో వారికి జీతాలు ఇచ్చాడు. జూలూరి అప్పయ్య, వైద్యం అద్వైత బ్రహ్మయ్య వంటి పండితులు అతని వద్ద పనిచేశారు. ఒకే కావ్యానికి చెందిన అనేక ప్రతులను పోల్చి, పాఠభేదాలను గుర్తించి, శుద్ధప్రతిని సిద్ధం చేయడం వారి పని. పద్యం తప్పు లేకుండా చదివి, సరైన పాఠాన్ని నిర్ణయించగలిగినవారే ఆ పనిలో నిలవగలరు. 1829లో వేమన పద్యాలు బ్రౌన్ ఆంగ్లానువాదంతో అచ్చు కావడం వెనుక, 1852లో అతని నిఘంటువు వెలువడడం వెనుక ఇటువంటి పండితుల శ్రమ ఉంది.

రెండవ ఉదాహరణ కొమర్రాజు లక్ష్మణరావు కాలం నాటిది. ఆయన మిత్రుల సహకారంతో 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని స్థాపించారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు, అయ్యదేవర కాళేశ్వరరావు ఆ కృషిలో ఆయనకు తోడు నిలిచారు. గాడిచర్ల రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర ఆ మండలి వెలువరించిన మొదటి గ్రంథం. తరువాత లక్ష్మణరావు మద్రాసులో ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం అనే మహాకార్యానికి పూనుకొన్నారు. విజ్ఞాన సర్వస్వాన్ని ఒక్కరే రాయలేరు. ఏ శాస్త్రం ఎవరికి తెలుసు, ఎవరు తెలుగులో స్పష్టంగా రాయగలరు అన్నది సంపాదకునికి తెలియాలి. అంటే పరిచయాలను పెంపొందించుకోవడం సంపాదకుని ఉద్యోగానికి ముందు చేసే పని మాత్రమే కాదు, ఆ ఉద్యోగంలో ఒక భాగం కూడ.

ఆ మహాకార్యంలో లక్ష్మణరావు వద్ద పనిచేసినవారిలో మల్లంపల్లి సోమశేఖరశర్మ ఒకరు. 1891లో పుట్టిన శర్మకు కళాశాల పట్టా లేదు. ఉన్నదల్లా శాసనాలను చదవడంలో స్వయంకృషితో సంపాదించిన ప్రావీణ్యం. లక్ష్మణరావు 1923లో మరణించారు. సర్వస్వం అసంపూర్ణంగా నిలిచిపోయింది. అయినా శర్మ నేర్చిన విద్య వ్యర్థం కాలేదు. 1947లో ఏర్పడిన తెలుగు భాషాసమితి వెలువరించిన విజ్ఞాన సర్వస్వపు పనిలో ఆయన పాలుపంచుకొన్నారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చరిత్ర బోధించారు. ఆదరించిన వ్యక్తి లేకపోయినా, చేసిన పని ఆయన పక్షాన మాట్లాడింది.

మూడవ ఉదాహరణ వట్టికోట ఆళ్వారుస్వామి. 1915లో నల్లగొండ ప్రాంతంలో పేదకుటుంబంలో జన్మించిన ఆయన ఒక ఉపాధ్యాయుని ఇంట వంట చేసి పెడుతూ చదువుకొన్నారు. హోటలులో పనిచేశారు. తరువాత సురవరం ప్రతాపరెడ్డి నడిపిన గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దే పనిలో చేరారు. అక్షరాలతో ఏర్పడిన ఆ సంబంధం ఆయనను రచయితల నడుమకు చేర్చింది. 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి 30కి పైగా పుస్తకాలను ప్రచురించారు. వాటిని స్వయంగా మోసుకొని తిరిగి అమ్మారు.

సిఫారసు, పరిచయం

పై ఉదాహరణలను బట్టి రెండు మాటల మధ్య ఉన్న భేదాన్ని గ్రహించవచ్చు. సిఫారసు ఇతరుల అధికారం మీద ఆధారపడుతుంది. అది అభ్యర్థిని గుమ్మం దాటించగలదు గాని, అతని చేత ప్రూఫు దిద్దించలేదు. పరిచయం అభ్యర్థి చేసిన పని మీద ఆధారపడుతుంది. అతని పనిని ఒకరు చూశారు, మెచ్చారు, అవసరం వచ్చినప్పుడు గుర్తు చేసుకొన్నారు. సిఫారసుతో వచ్చినవాడు సిఫారసు చేసినవారికి ఋణపడి ఉంటాడు. పనితో వచ్చినవాడు తన పనికి మాత్రమే బద్ధుడు.

అయితే పరిచయాల పద్ధతిలో ఒక లోపం ఉంది. దానిని దాచిపెట్టడం న్యాయం కాదు. తెలిసినవారినే పిలిచే చోట తెలియనివారికి అవకాశం ఉండదు. కొమర్రాజు లక్ష్మణరావు సోదరి భండారు అచ్చమాంబ చరిత్ర ఈ విషయాన్ని స్పష్టం చేస్తుంది. ఆమె బాల్యంలో పాఠశాలకు వెళ్లలేదు. తమ్ముని సాయంతో చదువు నేర్చి, తెలుగు కథా సాహిత్యపు తొలి దశలో కథలు రాసి, అబలా సచ్చరిత్ర రత్నమాల అనే స్త్రీల చరిత్రల గ్రంథాన్ని రచించారు. 1905లో, చిన్న వయసులోనే మరణించారు. ఆమె ప్రతిభ నిస్సందేహంగా ఆమెదే. కాని అక్షరాలు నేర్పే తమ్ముడు లేని ఆనాటి బాలికల ప్రతిభ ఏమైనదో చెప్పే గ్రంథం ఏదీ లేదు. సంపన్నులకు, పై వర్ణాలవారికి, నగరవాసులకు తేలికగా కలిగే పరిచయాలు బెల్లం వండే కూలీ ఇంటి బిడ్డకు కలగవు. ఈ లోపాన్ని సరిదిద్దే బాధ్యత ప్రచురణకర్తలది కూడ. పేరు చూడకుండా ఒక నమూనా ప్రూఫు ఇచ్చి పరీక్షించడం వారికి కష్టమైన పని కాదు.

అనకాపల్లి నుంచి ఆరంభం

అంతవరకు విద్యార్థి చేయగలిగినది కొంత ఉంది. పనిని నలుగురి కంట పడేలా చేయడం అందులో మొదటిది. కళాశాల వార్షిక సంచికకు వచ్చిన రచనలను దిద్దే బాధ్యతను అడిగి తీసుకోవచ్చు. ఊరి గ్రంథాలయంలో గ్రంథపాలకునితో చనువు కలిగితే ఏ సంస్థ ఎటువంటి పుస్తకాలు వేస్తుందో తెలుస్తుంది. పుస్తకం మొదటి పుటల వెనుక ముద్రించే వివరాలను చదివే అలవాటు చేసుకొంటే ప్రచురణకర్తల చిరునామాలు, కొన్ని సందర్భాలలో సంపాదకుల పేర్లు లభిస్తాయి. పట్టణంలోను, సమీపంలోని విశాఖపట్నంలోను జరిగే సాహిత్య సభలకు వెళ్లినప్పుడు సభ ముగిసిన తరువాత రచయితను ఒక మంచి ప్రశ్న అడగడం, పదిమందితో కలిసి ఫోటో దిగడం కంటె ఎక్కువ కాలం గుర్తుంటుంది.

ఇంటి నుంచి కదలలేని విద్యార్థికి కూడ మార్గం ఉంది. తెలుగు వికీసోర్సులో కాపీహక్కుల కాలం ముగిసిన పాత గ్రంథాల పుటలను ఎవరైనా దిద్దవచ్చు. ఒకరు దిద్దిన పుటకు పసుపు రంగు గుర్తు, మరొకరు సరిచూసిన తరువాత ఆకుపచ్చ గుర్తు వస్తాయి. ఎవరు ఏ పుటలో ఏమి దిద్దారో శాశ్వతంగా నమోదై ఉంటుంది. వంద పుటలు దిద్దిన విద్యార్థి చేతిలో ఎవరి చీటీ లేకపోయినా చూపించుకోదగిన పని ఉంటుంది.

విజయవాడ, హైదరాబాదు నగరాలలో జరిగే పుస్తక ప్రదర్శనలకు ప్రచురణకర్తలు ఒకేచోట చేరుతారు. విజయవాడ పుస్తక మహోత్సవం 1989 నుంచి నడుస్తున్నది. అనకాపల్లిలో సాయంత్రం రైలెక్కితే మరునాడు ఉదయానికి హైదరాబాదు చేరవచ్చు. రద్దీ వేళలో కాక, మధ్యాహ్నం అంగళ్లు పలుచగా ఉన్నప్పుడు మాట్లాడితే ప్రచురణకర్తకు వినే తీరిక ఉంటుంది. ఆ మొదటి సంభాషణలోనే ఉద్యోగం అడగకూడదు. పని ఎలా జరుగుతుందో అడగాలి.

మొదటి లేఖ

కలిసిన తరువాత గాని, కలిసే వీలు లేనప్పుడు గాని రాసే లేఖ క్లుప్తంగా ఉండాలి. ఉదాహరణకు ఇలా రాయవచ్చు:

"అయ్యా, మీ సంస్థ ప్రచురించిన యాత్రాచరిత్రను రెండు పర్యాయాలు చదివాను. 42వ పుటలోను, 117వ పుటలోను ఒకే ఊరి పేరు రెండు విధాలుగా ఉన్నట్లు తోచింది. పునర్ముద్రణలో ఉపయోగపడగలదని తెలియజేస్తున్నాను. నేను అనకాపల్లిలో ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్నాను. గ్రంథ సంపాదకత్వం నేర్చుకోవాలని కోరిక. మీకు వీలైనప్పుడు పది పుటల ప్రూఫు పంపితే దిద్ది, వారం రోజులలో తిరిగి పంపగలను. నా పని మీకు నచ్చకపోతే కారణం తెలియజేసినా మేలు చేసినవారవుతారు."

ఈ లేఖలో పొగడ్త లేదు. తన కష్టాల వర్ణన లేదు. పుస్తకం చదివినట్లు నిదర్శనం ఉంది, తప్పును వినయంతో సూచించడం ఉంది, చేయగల పని ఉంది, గడువు ఉంది. ఈ లేఖలోనే అచ్చుతప్పు దొర్లితే మాత్రం మిగిలిన సుగుణాలేవీ అక్కరకు రావు. పది లేఖలకు ఒక్క జవాబు వచ్చినా నిరుత్సాహపడవలసిన పని లేదు. జవాబు ఇచ్చినవారికి కృతజ్ఞత తెలపాలి. వారు చెప్పిన సలహాను ఆచరించి, ఆచరించిన సంగతి కొన్ని నెలల తరువాత తెలియజేయాలి. అవసరం ఉన్నప్పుడే పలకరించే మనిషిని ఎవరూ ఎక్కువ కాలం ఆదరించరు. ఉద్యోగం ఇప్పిస్తామని ముందుగా డబ్బు అడిగేవారి జోలికి పోకూడదు.

ఈ వృత్తిలో ఆదాయం ఆరంభంలో స్వల్పం. చాలామంది బోధననో, అనువాదాన్నో, పత్రికారచననో తోడు చేసుకొని సంపాదకత్వం కొనసాగిస్తారు. ఈ సంగతి తెలిసి కూడ ఈ మార్గాన్ని ఎంచుకొనే విద్యార్థి, తన పేరు అట్ట మీద కనిపించదని కూడ తెలుసుకొని ఉండాలి. చదువరి ఎక్కడా తడబడకుండా పుస్తకం చివరి పుటకు చేరినప్పుడు సంపాదకుని శ్రమ ఫలించినట్లే. ఆ శ్రమను గుర్తించేవారు కొద్దిమందే ఉంటారు. తరువాతి రాతప్రతి వచ్చినప్పుడు అతని పేరు తలచేవారు కూడ వారే.