నిప్పు సెగ ఎరుగని డప్పు

మన పూర్వులు వాద్యాలను నాలుగు తెగలుగా విభజించినారు. తీగెపై పలికేది తతం; ఊపిరితో పలికేది సుషిరం; తోలు కప్పినది అవనద్ధం; కంచు మొదలైన లోహాలతో చేసి, తాకిడిచేత పలికించేది ఘనం. నాట్యశాస్త్రంలో భరతముని చెప్పిన ఈ విభాగం ఇన్ని శతాబ్దాలుగా చెల్లుబడి అవుతూనే ఉన్నది. వీణ మొదటి తెగ, వేణువు రెండవది, మృదంగమూ డప్పూ మూడవది, తాళాలు నాలుగవది. ఈ నాలుగింటిలో దేనికీ చెందక, నాలుగింటి గొంతునూ తానే పలుకగల ఐదవ తెగ ఒకటి మన కాలంలో పుట్టినది. దానికి తీగె లేదు, ఊపిరి లేదు, తోలు లేదు, కంచు లేదు. విద్యుత్తు ఒక్కటే దాని ప్రాణం. కనుక దానిని విద్యుద్వాద్యం అందాము.

ఈ తెగ మనకు తెలియకుండానే మన నడుమ స్థిరపడినది. బెంగుళూరులో జి. రాజ్ నారాయణ్ అనే ఇంజనీరు, స్వయంగా వేణుగాన విద్వాంసుడు, 1970ల చివర ఎలక్ట్రానిక్ తంబురాను రూపొందించినాడు. నేడు అరచేతిలో పట్టే పెట్టె, లేదా టెలిఫోనులోని ఒక చిన్న ఏర్పాటు, గాయకునికి శ్రుతి అందిస్తున్నది. జపానులోని రోలాండ్ సంస్థ 1985లో ఆక్టోప్యాడ్ అనే వాద్యాన్ని వెలువరించినది. ఎనిమిది రబ్బరు గడులు గల ఒక పలక అది. ఆ జాతి వాద్యాలు ఇప్పుడు మన డోర్నకల్, మహబూబాబాద్, జనగామ ప్రాంతాల పెండ్లిళ్ళకూ జాతరలకూ వచ్చి చేరినవి. తెలుగునాట పెక్కు చర్చిలలో కీర్తనకు తోడు కీబోర్డు, ప్యాడ్‌లే. గడి మీద పుల్ల తగిలితే తబలా. పక్క గడి తాకితే డోలక్. మరొకటి తాకితే డప్పు. ఒక మనిషి, ఒక పలక, ఎనిమిది వాద్యాలు!

ఏది మేలు అని వాదించుకొనే ముందు, రెండింటి పుట్టుకలనూ పక్కపక్కన పెట్టి చూడవలసి ఉన్నది.

డప్పు పుట్టువు

డప్పు చూచుటకు మిక్కిలి సులువైన వాద్యం. గుండ్రని చెక్క చట్రం, దానికి ఒక వైపు బిగించిన తోలు, అంతే. పలక అనీ, తప్పెట అనీ దీనికి మారుపేర్లు. వాయించుటకు రెండు పుల్లలు: పొట్టిగా దళసరిగా ఉండేది సిర్ర, సన్నగా పొడవుగా ఉండేది సిటికెన పుల్ల. సిర్ర మాట చెప్పితే సిటికెన పుల్ల దానికి ఊ కొట్టుతూ, నడుమ నడుమ ఎదురు ప్రశ్న వేస్తుంది.

అయితే ఈ సులువు పైకి మాత్రమే. తోలు గాలిలోని తేమను పీల్చుకొని సడలుతుంది. సడలిన తోలు గొంతు బొంగురుపోతుంది. అందుకే వాయించువాడు ముందు గడ్డియో, ఆకులో మండించి డప్పును సెగకు పట్టుతాడు. తేమ ఆవిరై తోలు బిగుసుకొంటుంది. బిగువు హెచ్చిన కొలది స్థాయి హెచ్చుతుంది. ఎంత సెగ చాలునో చెప్పుటకు కొలబద్ద లేదు. వేలితో తట్టి, చెవితో విని తెలుసుకొనవలెను. ఆట సాగుతుండగా మళ్ళీ సడలుతుంది. మళ్ళీ నిప్పు దగ్గరకు పోవలెను. మధ్య కొట్టితే మంద్రంగా పలుకుతుంది. అంచున కొట్టితే తోలు ఇంకొక తీరున కంపించి తీవ్రంగా పలుకుతుంది. నడుమ నున్న ప్రతి అంగుళానికీ ఒక పలుకు ఉన్నది. వానకాలపు డప్పు వేరు, ఎండకాలపు డప్పు వేరు. ఈ తోలు పలికినట్లు ఆ తోలు పలుకదు.

ప్యాడ్ పుట్టువు మరొక తీరు. రబ్బరు గడి కింద ఒత్తిడిని విద్యుత్తుగా మార్చే సాధనం ఒకటి ఉంటుంది. పుల్ల తగులగానే అది చిన్న సంకేతం పంపుతుంది. ఆ సంకేతం యంత్రపు జ్ఞాపకంలో దాచిన ధ్వనిని మేలుకొలుపుతుంది. ధ్వనివర్ధకం దానిని లోకానికి వినిపిస్తుంది. మెల్లగా కొట్టితే మెల్లని ధ్వని, గట్టిగా కొట్టితే గట్టి ధ్వని వచ్చునట్లు ముందే ఏర్పాటు చేసి ఉంచుతారు. వాన కురిసినా గొంతు మారదు. నిప్పు అక్కర లేదు. చెవికి తగిలించుకొనే గొట్టాలు పెట్టుకొంటే నడిరేయి సాధన చేసినా ఇరుగుపొరుగువారి నిద్ర చెడదు. ఇవి చిన్న లాభాలు కావు.

ఇంతకూ ఆ జ్ఞాపకంలో దాచిన ధ్వని ఎక్కడిది? ఎవరో ఒక వాదకుడు, ఎక్కడో ఒకచోట, నిప్పుకు కాచిన డప్పును వాయించగా పట్టి ఉంచినదే కదా!

సముద్రానికి ఆవలి ఒడ్డున

ఈ తగవు మనకు మాత్రమే కొత్త కాదు. భూగోళానికి ఆవలి పక్క, కరీబియన్ సముద్రంలో, ట్రినిడాడ్ అనే చిన్న దీవి ఉన్నది. మనకు అది పూర్తిగా పరాయి దేశం కాదు. 1845 మే 30న ఫతేల్ రజాక్ అనే ఓడ మొదటి భారతీయ కూలీలను అక్కడ దించినది. అటుపై 1917 వరకు రమారమి 1,40,000 మంది చెరకు తోటల పనికి వెళ్ళినారు. అధికులు కలకత్తా రేవు నుండి పోయినవారు. మద్రాసు ఓడలలో పోయినవారిలో తెలుగువారూ తమిళులూ ఉన్నారు.

ఆ దీవిలో అంతకు ముందే ఆఫ్రికా నుండి బానిసలుగా తేబడినవారి సంతతి ఉన్నది. వారి పండుగలకు చర్మవాద్యాలే ప్రాణం. 1880లలో ఆంగ్ల ప్రభుత్వం అల్లరుల నెపంతో ఆ వాద్యాల నోరు నొక్కినది. తోలు పోతే జనం వెదురు పట్టుకొన్నారు. వెదురు బొంగులను నేలకు మోదుతూ తాళం పుట్టించినారు. 1930ల నాటికి వెదురును విడిచి బిస్కట్టు డబ్బాలు, చెత్త డబ్బాలు, రేకు ముక్కలు కొట్టసాగినారు. అది చమురు పండే దీవి కనుక, రెండవ ప్రపంచయుద్ధ కాలానికి, చమురు ఖాళీ అయిన 55 గ్యాలన్ల ఇనుప పీపా వారి చేతికి వచ్చినది. దాని నుండి స్టీల్‌పాన్ పుట్టినది. మన లెక్కలో అది ఘనవాద్యం.

పీపా అడుగును సుత్తితో మోది మోది లోతైన పళ్ళెంలా చేస్తారు. దానిపై స్వరస్థానాలను గీసి, ఒక్కొక్క దానిని ఉలివంటి సాధనంతో వేరు చేస్తారు. తరువాత నిప్పు మీద కాచి చల్లార్చుతారు. ఆ మీదట శ్రుతి కూర్చేవాడు చిన్న సుత్తితో ఒక్కొక్క స్థానాన్ని పైకీ కిందికీ తట్టుతూ, స్వరంతో పాటు దాని పై స్థాయి స్వరం కూడ ఒదిగి పలికేవరకు పని చేస్తాడు. పక్క స్వరాన్ని సరిచేస్తే మొదటిది చెడుతుంది; మళ్ళీ రావలెను. ఆంథొనీ విలియమ్స్ అనే వాద్యకారుడు స్వరాలను వలయాకారంగా అమర్చే పద్ధతిని తీర్చిదిద్దినాడు. అందులో ఇరుగుపొరుగు స్వరాల సంబంధం మన షడ్జమ పంచమాల సంబంధమే. ఒక స్వరాన్ని కొట్టితే పొరుగు స్వరాలూ సన్నగా వంతపాడతాయి. స్టీల్‌పాన్ నాదంలోని మెరుపు ఈ వంతపాట వలన కూడ వచ్చినదే.

ఇక్కడనూ ఐదవ తెగ ప్రవేశించినది. మన శతాబ్దపు మొదటి దశకంలో ట్రినిడాడ్‌లో పుట్టి కెనడాలో స్థిరపడిన సాల్మన్ క్యూపిడ్ ఇ-పాన్ అనే వాద్యాన్ని చేసినాడు. వెస్టిండీస్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన బ్రయన్ కోప్‌లాండ్ తన బృందంతో కలిసి ఫై అనే మరొక వాద్యాన్ని నిర్మించినాడు. రూపం స్టీల్‌పాన్‌దే, స్వరాల అమరిక కూడ దానిదే. కాని పుల్ల తాకేది స్వరం పలికే ఇనుమును కాదు, సంకేతం పుట్టించే గడిని. దానితో స్టీల్‌పాన్ నాదమే కాదు, వేణువునూ వీణనూ కూడ పలికించవచ్చును. శ్రుతి చెడదు, శ్రుతి కూర్చేవానికై నెలల తరబడి కాచుకొనవలసిన పని లేదు. అయితే పొరుగు స్వరాల వంతపాట దానికి సహజంగా రాదు. కావలెనంటే అది కూడ నిజమైన ఇనుము నుండి ఎరువు తెచ్చుకొనవలసినదే.

ఇందులో గమనింపదగిన విశేషం ఒకటి ఉన్నది. ఆ వాద్యాలను చేసినవారు స్టీల్‌పాన్‌ను కాదని చేసినవారు కారు. దానిని ప్రేమించి చేసినవారు. దాని స్వరాల అమరికను, దాని పుల్లలను, దాని వాదకుని చేతి అలవాటును అట్లే నిలిపినారు. స్టీల్‌పాన్ నేర్చినవాడే ఇ-పాన్ చక్కగా వాయించగలడు.

అప్పు, ఆస్తి

డప్పునకూ ప్యాడ్‌కూ గల సంబంధం ఆస్తికీ అప్పునకూ గల సంబంధం వంటిది. ప్యాడ్ పలికే ప్రతి ధ్వనీ డప్పు వద్ద తెచ్చుకొన్న అప్పు. అప్పు చేయుట తప్పు కాదు. వయొలిన్ ఐరోపా నుండి వచ్చి మన కచేరీకి కుడిభుజమైనది. హార్మోనియం అక్కడిదే అయినా సురభి నాటకాలకు ఊపిరి పోసినది. డోర్నకల్‌లో బిషప్ అజరయ్య కట్టించగా 1939లో ప్రతిష్ఠ పొందిన పెద్ద చర్చిని చూడుడు: దేవళపు స్తంభాలూ మసీదు గుమ్మటాలూ ఒక కప్పు కింద ఒదిగి ఉన్నవి. కొత్తదానిని అక్కున చేర్చుకొనుట ఈ నేలకు అలవాటే. కాని అప్పు ఇచ్చే ఇల్లు నిలిచి ఉన్నంతవరకే అప్పు పుట్టుతుంది. డప్పు చేసేవాడు, సెగ తెలిసినవాడు, సిర్ర పట్టినవాడు లేని నాడు ప్యాడ్‌లో మిగిలేది ఏనాటిదో ఒక దెబ్బ మాత్రమే. దానికి వానకాలం, ఎండకాలం ఉండవు. మారని గొంతు ముదరదు, ఎదగదు.

ఇంతవరకు అంగీకరించినవారు కూడ ఒక ప్రశ్న అడుగవచ్చును. అది నిర్లక్ష్యం చేయదగిన ప్రశ్న కాదు. డప్పు తరతరాలుగా మాదిగల భుజాన మోపిన వెట్టి. చావుకూ చాటింపుకూ పిలుపు రాగానే, కూలి ఇచ్చినా ఇవ్వకున్నా పోయి వాయించవలసిన చాకిరి. ఆ ఇంటి బిడ్డ చదువుకొని, డప్పును దించి ప్యాడ్ ఎత్తుకొంటే తప్పు పట్టగల అధికారం ఎవరికున్నది? ప్యాడ్‌కు తోలు లేదు, కులం లేదు. దానిని వాయించేవానిని వేదిక మీదికి పిలిచి కుర్చీ వేస్తారు.

దీనికి సమాధానం ఆ దీవి చరిత్రలోనే దొరుకుతుంది. 1940లలో స్టీల్‌పాన్ వాయించేవారిని అక్కడి పెద్దమనుషులు పోకిరీలనేవారు. తమ పిల్లలను ఆ దరికి పోనిచ్చేవారు కారు. 1951లో ఆ దీవి నుండి ఎంపికైన వాద్యబృందం లండనులో బ్రిటన్ ఉత్సవంలో వాయించి మెప్పు పొందినది. 1963 నుండి పనోరమా అనే మహాపోటీ సాగుతున్నది. అందులో రెనిగేడ్స్ బృందాన్ని తొమ్మిది మార్లు గెలిపించిన స్వరకర్త జిత్ సమరూ భారతీయ సంతతివాడే. 1992లో స్టీల్‌పాన్ ఆ దేశపు జాతీయవాద్యమైనది. 2023లో ఐక్యరాజ్యసమితి ఏటా ఆగస్టు 11ను ప్రపంచ స్టీల్‌పాన్ దినంగా నిర్ణయించినది. ఇ-పాన్ పుట్టుటకు ముందే పాత వాద్యానికి గౌరవం వచ్చినది. అవమానం వాద్యంలో లేదు. వాయించేవానిని చూచే కంటిలో ఉన్నది. వాద్యాన్ని మార్చినంత మాత్రాన ఆ కన్ను మారదు.

మన వద్ద కూడ ఆ మార్పు మొదలైనది. వెట్టి చాటింపు పేరైన దండోరా అనే మాటను 1994లో మాదిగలే తమ ఉద్యమానికి పేరుగా ధరించినారు. తెలంగాణ ఉద్యమపు ధూం ధాం సభలలో డప్పు మోగని వేదిక లేదు. డోర్నకల్ నుండి చీలిన రైలుమార్గం మణుగూరు దిక్కుగా పోతుంది. ఆ ప్రాంతపు కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ లభించినది. సమ్మక్క సారలమ్మల కథను, కోయ ఇలవేల్పుల వంశచరిత్రలను ఆయన డోలు మోతతో గానం చేసేవాడు. 2024లో ఆయన కన్నుమూసినాడు. డోలు ధ్వనిని యంత్రంలో దాచవచ్చును. ఏ దెబ్బ తరువాత ఏ వేల్పు పేరు రావలెనో, ఏ కథ ఎక్కడ నిలుపవలెనో ఆ తెలివి మనిషి నుండి మనిషికి అందవలసినదే.

ఉపాధ్యాయులకు ఒక మనవి. పాఠశాల ఉత్సవానికి ప్యాడ్ తెచ్చుకొనుడు, అడ్డు లేదు. ఏటా ఒక్క దినం మాత్రం ఊరి డప్పు వాదకుని పేరు పెట్టి పిలిచి, కుర్చీ వేసి, తగిన పారితోషికం ఇచ్చి తరగతికి తీసుకొని రండు. విజ్ఞానశాస్త్రపు గంటలో, సెగకు ముందు ఒక మారు, తరువాత ఒక మారు డప్పును విద్యార్థులచేత విననిండు. తేమ, బిగువు, కంపనం అనే మూడు మాటలు పుస్తకం కంటె తేటగా బోధపడతాయి. తెలుగు గంటలో, డప్పు చట్రానికీ తోలుకూ పుల్లలకూ దరువులకూ గల పేర్లను అడిగి రాయించుడు. ఆ మాటలలో పెక్కు ఇంకా నిఘంటువులకు ఎక్కవలసి ఉన్నవి.

విద్యార్థులారా, మీలో ప్యాడ్ వాయించేవారుంటే మానవద్దు. కాని అందులోని డప్పు గడిని తాకే ముందు, అసలు డప్పును ఒక్కమారు సెగకు పట్టి చూడుడు.