ఓట్లు వేయిస్తే సరిపోదు

2025 అక్టోబరు 26న మన కౌలాలంపూర్‌లో తూర్పు తైమూర్ ఆసియాన్‌లో 11వ సభ్యదేశంగా చేరింది. ఆ రోజు ఊరికే రాలేదు.

1975లో ఇండోనేషియా ఆ దేశాన్ని ఆక్రమించింది. 1999 ఆగస్టు 30న ఐక్యరాజ్యసమితి ఓటింగ్ జరిపితే 78.5 శాతం మంది స్వాతంత్ర్యం వైపే మొగ్గారు. ఆ కక్షతో ఇండోనేషియా అనుకూల ముఠాలు ఊళ్లకు ఊళ్లు తగలబెట్టాయి. ఆస్ట్రేలియా నాయకత్వంలో అంతర్జాతీయ సేన దిగింది. సమితి రెండున్నరేళ్లు పాలించి, 2002 మే 20న అధికారం ప్రజలకు అప్పగించింది.

ఇక ఫర్వాలేదనుకుని 2005లో శాంతిసైనికులు వెళ్లిపోయారు. మరుసటి ఏడాదే అక్కడి సైన్యం, పోలీసులు ఒకరినొకరు కాల్చుకున్నారు. మలేసియాతో సహా నాలుగు దేశాల బలగాలు మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. ఈసారి సమితి 2012 చివరిదాకా ఉండి పోలీసు వ్యవస్థను నిలబెట్టింది.

ఇల్లు కట్టి తాళంచెవి ఇచ్చేస్తే పని అయిపోదు. తొలి వాన కురిసేదాకా మేస్త్రీ అందుబాటులో ఉండాలి.