చిన్నరైతునకు సర్కారు సహాయధనము: అర్జీకి ముందు తెలిసికొనవలసిన సంగతులు

మన సంఘ సభ్యులు పెక్కుమంది మమ్ము కలిసికొన్నప్పుడెల్ల అడుగుచున్న ప్రశ్న యొకటి కలదు. "మాకున్నది రెండెకరముల చెక్క. దాని బాగునకు సర్కారువారి సహాయధన మేమైన దొరకునా? దొరకినచో ఎవరి నాశ్రయింపవలెను?" ఈ ప్రశ్న న్యాయమైనదే. బిందుసేద్యపు గొట్టములకును, పనిముట్లకును, పశువులకును, పంటసరకును దినుసుగా మార్చు చిన్న యంత్రములకును సబ్సిడీ యను పేర సహాయ మిచ్చు పథకములు పెక్కులు వచ్చినవి. వానివలన బాగుపడినవారు కలరు. వానిని నమ్ముకొని చెడినవారును కలరు. సహాయము దొరకకపోవుటచే కలుగు నష్టముకంటె, దాని స్వభావ మెఱుగక చేసిన యప్పుచే కలుగు నష్టమే హెచ్చని మా యనుభవము. కావున అర్జీకాగితము పట్టుకొనుటకు ముందే తెలిసికొనవలసిన సంగతులను ఇచ్చట వివరింపబూనితిమి.

అప్పు వేఱు, సహాయధనము వేఱు

పూర్వకాలమున రైతునకు సర్కారు చేసిన సాయ మంతయు అప్పు రూపముననే యుండెడిది. 1883వ సంవత్సరపు భూమి అభివృద్ధి ఋణముల చట్టమును బట్టి నూతులు త్రవ్వుటకును, గట్లు వేయుటకును, 1884వ సంవత్సరపు వ్యవసాయదారుల ఋణముల చట్టమును బట్టి విత్తనములకును, పశువులకును సొమ్ము బదులిచ్చెడివారు. దీనినే తక్కావి యనిరి. అది చెల్లింపనిచో భూమిశిస్తు బకాయివలెనే వసూలు చేసెడివారు. నేటి సహాయధన మట్టిది కాదు. నియమములు పాటించినంతకాలము దానిని మరల చెల్లింప నక్కఱలేదు. అయినను అది దానమును కాదు. దానికి మూడు లక్షణములు కలవు. ఈ మూటిని గుర్తెఱిగినవానికి మోసము లేదు.

మొదటి లక్షణము: అది వ్యయములో నొక వంతు మాత్రమే

2015వ సంవత్సరమున ఆరంభమైన ప్రధానమంత్రి కృషి సించాయి యోజన క్రింద బిందుసేద్యమునకు నిర్ణయించిన వంతు, చిన్న సన్నకారు రైతులకు నూటికి 55, తక్కినవారికి 45. ఒక్కొక్క రైతునకు 5 హెక్టార్లకు మించి ఇయ్యరు. రాష్ట్రప్రభుత్వములు తమ సొమ్ము చేర్చి కొన్ని వర్గములవారికి ఈ వంతును పెంచుట కలదు. ఒక హెక్టారు లోపువాడు సన్నకారు రైతు. ఒకటి మొదలు రెండు హెక్టార్లవఱకు కలవాడు చిన్నరైతు.

ఇచ్చట పలువురు పొరబడు చోటొకటి కలదు. ఈ వంతును లెక్కించునది అంగడివాని బిల్లుపై కాదు, సర్కారువారు నిర్ణయించిన ధరపై. ఉదాహరణకై లెక్క వేయుదము. మూడెకరముల గొట్టములకు నిర్ణీత ధర 1,50,000 రూపాయలనుకొందము. నూటికి 55 చొప్పున 82,500 రూపాయలు సహాయము. రైతు వంతు 67,500. అంగడివాడు 1,80,000 రూపాయలకు బిల్లు వేసినచో, పైనున్న 30,000 రూపాయలును రైతు నెత్తిననే పడును. అప్పుడు చేతినుండి పోవునది 97,500. సగమునకు పైగా సర్కారే భరించునని తలచినవాడు తుదకు సగమునకు పైగా తానే భరించినట్లగును.

రెండవ లక్షణము: అది ముందు వచ్చునది కాదు

2020వ సంవత్సరమున చిన్నతరహా ఆహారపరిశ్రమలకై కేంద్రప్రభుత్వ మొక పథకమును నెలకొల్పినది. పసుపు, కారము పట్టు మరలు, పచ్చళ్లు, అప్పడములు మున్నగువానికి వ్యయములో నూటికి 35 వంతులు, 10 లక్షల రూపాయలకు మించకుండ సహాయ మని దాని నియమము. కనీసము నూటికి 10 వంతులు సొంత సొమ్ముండవలెను. తక్కినది బ్యాంకు అప్పు. 4,00,000 రూపాయల మరకు లెక్క చూడుడు. సొంత సొమ్ము 40,000; బ్యాంకు అప్పు 3,60,000. సహాయధనము 1,40,000 రూపాయలు రైతు చేతికి రాదు. బ్యాంకులో వేఱుగా నుండును. అప్పు తుది విడత ఇచ్చిన నాటినుండి మూడేండ్లు గడచి, వాయిదాలు తప్పకుండ, మర నడచుచునే యున్నయెడల అప్పుడు దానిని అప్పునకు జమకట్టుదురు. ఈలోపున మర మూతపడినను, వాయిదాలు నిలిచిపోయినను ఆ సొమ్ము దక్కుట కష్టము. అప్పు మాత్రము నిలిచియే యుండును.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగ మన్నట్లు, మంజూరు కాని సొమ్మును లెక్కలో వేసికొని వడ్డీవ్యాపారియొద్ద బదులు తెచ్చుట తగదు. మే మెఱిగిన యొక రైతు మంజూరు ఉత్తరువు రాకమునుపే, ధర పెరుగునను భయముతో గొట్టములు కొని పొలమున పఱపించెను. పిమ్మట తనిఖీకి వచ్చిన యుద్యోగి, మంజూరునకు ముందు కొన్న సరకునకు సహాయము చెల్లదని వ్రాసిపోయెను. ఆ రైతు కొన్నది మంచి సరకే, చేసినది మంచి పనియే. వరుస తప్పినందున మూడు పంటలపాటు వడ్డీ కట్టవలసి వచ్చెను.

మూడవ లక్షణము: అది నియమములతో కూడినది

సహాయముతో కొన్న వస్తువును అమ్మరాదు, ఇతరులకు మార్చరాదు. బిందుసేద్యపు సహాయ మొకసారి పొందిన భూమికి ఏడేండ్లు గడచినగాని మరల ఇయ్యరు. కావున చిన్న తుండునకై తొందరపడి అర్జీ పెట్టుకొనుటకంటె, ఏ మేరకు నీరున్నదో, ఏ పంట వేయదలచితిమో నిశ్చయించుకొని పెట్టుకొనుట మేలు.

పథకమునకు తగిన పని కాదు, పనికి తగిన పథకము

మన రైతులు చేయు పెద్ద పొరబాటు, ఏ వస్తువునకు సహాయ మున్నదో విని దానికై బయలుదేఱుట. కొన్నది వంకాయ, కొసరినది గుమ్మడికాయ యన్న సామెత మనకు తెలిసినదే. కొసరుకొఱకే బేరమాడువాడు తనకు వలసిన వంకాయను మఱచును. ముందుగా ఒక కాగితముపై నాలుగు సంగతులు వ్రాసికొనవలెను. నా కమతమున నేడున్న లోప మేమి? ఆ లోపము తీఱుటకు ఎంత వ్యయమగును? తీఱినచో ఏటి కెంత యాదాయము పెరుగును? సహాయధనము రాకున్నను ఈ పని చేయదగినదేనా? ఈ నాలుగవ ప్రశ్నకు "అవును" అని చెప్పగలిగినపుడే అర్జీకి సిద్ధము కావలెను. కాదనిపించినచో, ఆ పనిని సహాయధనము కూడ నిలువబెట్టజాలదు.

కాగితముల సంగతి

అర్జీలు పెక్కులు తిరిగివచ్చుటకు కారణము అర్హత లేమి కాదు, కాగితముల లోపము. పాసుపుస్తకమున ఇంటిపేరొక తీరున, ఆధారుకార్డున మఱియొక తీరున నుండును. భూమి నేటికిని గతించిన తాతగారి పేరనే యుండును. అన్నదమ్ములు నోటిమాటపై పంచుకొందురుగాని దస్తావేజుండదు. ఇంటి ఇల్లాలు పొలమున పాటుపడుచున్నను ఆమె పేర సెంటు భూమియైన వ్రాసి యుండదు. పథకము ప్రకటించిన పిమ్మట తహశీల్దారు కచేరీ చుట్టు తిరుగుటకంటె, వేసవిలో పనులు లేని దినములందే పేరుమార్పిడి, హద్దుల కొలత, బ్యాంకు ఖాతాకు ఆధారు అనుసంధానము ముగించుకొనుట మంచిది. కొటేషను లొకటి కాక రెండు మూడు తెచ్చుకొనవలెను. ప్రతి అర్జీకిని నకలు, ప్రతి సొమ్మునకును రశీదు ఉంచుకొనవలెను.

పని వరుస యిది: అర్జీ, పొలము పరిశీలన, మంజూరు ఉత్తరువు, రైతు వంతు చెల్లింపు, సరకు కొనుగోలు, తనిఖీ, సహాయధనము. ఈ వరుసలో ఏ మెట్టును దాటరాదు. సొమ్ము పుచ్చుకొని మంజూరు చేయించెదమను దళారులను దరిచేరనీయరాదు. అర్జీ యే స్థితిలో నున్నదో తెలియనిచో, 2005వ సంవత్సరపు సమాచారహక్కు చట్టము క్రింద అడిగినయెడల 30 దినములలో ఉత్తర మియ్యవలెనని శాసనము. ఇది బ్రతిమాలుట కాదు, హక్కు.

కౌలురైతు మాట

ఇంతవఱకు చెప్పినది పట్టా కలవారికి సరిపోవును. మన సంఘములో పరుల భూమిని కౌలుకు చేయువారును కలరు. సహాయములలో పెక్కులు భూమి పేరనే నడచుచుండుటచే, చెమటోడ్చువాడు వెలుపలనే నిలిచిపోవుచున్నాడు. 2019వ సంవత్సరమున మొదలైన పి.ఎం. కిసాన్ ఏటి 6,000 రూపాయలును భూమి కల కుటుంబములకే ఉద్దేశింపబడినవి. ఆంధ్రప్రదేశమున 2011వ సంవత్సరమున నొక చట్టమును, 2019వ సంవత్సరమున మఱియొక చట్టమును సాగుదారునకు కార్డు లిచ్చుటకై వచ్చినవి. రెండవ చట్టపు టొడంబడిక పదునొకండు నెలలకే. భూస్వామి సమ్మతియు వలయును. కార్డిచ్చినచో భూమి పోవునేమో యని యజమానులు వెనుదీయుచున్నారు. ఆ చట్టము భూమిపై హక్కు నిచ్చునది కాదు, పంటపై మాత్రమే. ఈ సంగతిని భూస్వాములకు నచ్చజెప్పుట ఒంటరి కౌలుదారునకు సాధ్యము కాదు. సంఘ పెద్దలు నడుమ నుండి చెప్పినచో సాధ్యము కావచ్చును.

సంఘము చేయవలసినది

జర్మనీ దేశమున రైఫైజను మహాశయుడు 1846, 1847 సంవత్సరముల కరవులో పేదలకు రొట్టె లభించుటకై ధనికుల చందాలతో సంఘమును పెట్టెను. పిమ్మట పెట్టిన సంఘములును ధనికుల దయపైననే యాధారపడెను. దయ తగ్గినకొలది సంఘము క్షీణించుట చూచి, 1864వ సంవత్సరమున హెడ్డెస్డార్ఫులో సభ్యుల పూచీపైననే నిలుచు పరపతి సంఘమును నెలకొల్పెను. చెన్నపురి ప్రభుత్వము కోరగా ఫ్రెడరిక్ నికల్సను దొర ఇట్టి సంఘములను పరిశీలించి 1895, 1897 సంవత్సరములలో నివేదిక సమర్పించెను. 1904వ సంవత్సరపు సహకార చట్టమునకు దారితీసినవానిలో నది యొకటి. పరుల సొమ్ము తోడ్పడును గాని నిలువబెట్టదు. నిలువబెట్టునది మన పొదుపు, మన పూచీ.

కావున మే మొక సూచన చేయుచున్నాము. సభ్యులు నెలనెల కొంత సొమ్ము "రైతు వంతు" అను పేర సంఘమున జమచేసికొనవలెను. మంజూరు ఉత్తరువు వచ్చిన నాడు ఆ సొమ్ము సిద్ధముగా నుండును. వడ్డీవ్యాపారి గడప త్రొక్క నక్కఱలేదు. మంజూరు రాకున్నను ఆ సొమ్ము ఎక్కడికిని పోదు. చదువు వచ్చిన సభ్యు డొకడు వారమున కొకపూట సంఘ కార్యాలయమున కూర్చుండి, తోడివారి కాగితములు చూచి లోపములు చెప్పవలెను. ఈ రెండు పనులకును ఏ సర్కారు మంజూరును అక్కఱలేదు. రాబోవు సర్వసభ్య సమావేశమునకు వచ్చువారు తమ పాసుపుస్తకమును, ఆధారుకార్డును వెంట తెచ్చి రెంటిలోని పేరులను సరిచూచుకొనవలసినదిగా కోరుచున్నాము.